బుట్ట నిండని వారాల లెక్క

డిసెంబరులో హైదరాబాదు పక్కన చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఏ కూరగాయల తోటలో అడుగుపెట్టినా కోతకు మనుషులు చాలరు. టమాటా, వంకాయ, చిక్కుడు, క్యాబేజీ, ముల్లంగి, పాలకూర, మెంతికూర అన్నీ ఒక్కసారే చేతికొస్తాయి. అదే తోటకు మే నెలాఖరున వెళ్తే సగం మళ్లు బీటలు వారి ఉంటాయి. బోరు కాసేపు పోసి ఆగిపోతుంది. పందిరి మీద దొండ, గట్టు మీద మునగ, నీడపట్టున బచ్చలి తప్ప కోయడానికి పెద్దగా ఏమీ ఉండదు. నేల అదే, రైతు అదే. తినే ఇళ్లలో మాత్రం డిసెంబరులో ఎన్ని పూటలు వండుతారో మేలోనూ అన్నే పూటలు వండుతారు.

కొన్ని కుటుంబాలు కలిసి ఒక చిన్న తోటకు ముందే డబ్బు కట్టి, పండినదాన్ని వారం వారం పంచుకునే పద్ధతి ఇప్పుడు తెలుగు నగరాల చుట్టూ కూడా అక్కడక్కడా మొదలవుతోంది. కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్ అని, పొట్టిగా సీఎస్‌ఏ అని దీన్ని పిలుస్తున్నారు. వాటా తోట అంటే మనకు సులువుగా అర్థమవుతుంది. ఇలాంటి తోట నిలబడుతుందా లేదా అన్నది డిసెంబరు బుట్ట చూసి చెప్పలేం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చే పది పన్నెండు వారాల్లో బుట్టలో ఏముంటుంది, లేనప్పుడు వాటాదారులు ఏమంటారు, ఆ వారాల గురించి విత్తనం వేయకముందే వాళ్లతో మాట్లాడారా లేదా అన్నవే దాన్ని తేలుస్తాయి.

ఈ పద్ధతి పుట్టిన చోట్లు మనకు దూరం. జపాన్‌లో పురుగుమందుల భయం పెరిగిన రోజుల్లో పట్నపు గృహిణులు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. 1971లో అక్కడ సేంద్రియ వ్యవసాయ సంఘం ఏర్పడి ఆ ఒప్పందాలకు ఒక రూపం ఇచ్చింది. వాళ్లు దాన్ని ‘తెయ్‌కెయ్’ అంటారు, చేతులు కలపడం అన్న అర్థంలో. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో 1978లో ఇలాంటి తోట మొదలైంది. అమెరికాలో 1986లో రెండు తోటలు దాదాపు ఒకేసారి ఆరంభమయ్యాయి, మసాచుసెట్స్‌లో ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూహాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్. ఫ్రాన్స్‌లో 2001 నుంచి ‘అమాప్’ పేరుతో ఇవే సంఘాలు ఊరూరా పెరిగాయి. అన్నిచోట్లా మూలసూత్రం ఒకటే. పంట కాలానికి అయ్యే ఖర్చును వాటాదారులు ముందే పంచుకుంటారు. పంట ఎక్కువైతే బుట్ట బరువెక్కుతుంది, తక్కువైతే తేలికవుతుంది. రైతు ఏ కాయకు ఆ కాయ అమ్ముకోడు, వాళ్లు ఏ కాయకు ఆ కాయ కొనరు.

అయితే అక్కడి క్యాలెండరును ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే చిక్కు వస్తుంది. మసాచుసెట్స్‌లో వాటా జూన్‌లో మొదలై అక్టోబరు చివరికో నవంబరుకో ముగుస్తుంది. తర్వాత నేల మంచు కింద గడ్డకడుతుంది. జనవరిలో తాజా బుట్ట ఎందుకు రాలేదని ఎవరూ అడగరు, కిటికీలోంచి చూస్తే జవాబు కనిపిస్తుంది. దక్కన్ పీఠభూమిలో అలాంటి తెల్లటి గీత ఎక్కడా పడదు. వానకాలం, యాసంగి, ఎండాకాలం ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. బజారులో ఏడాదంతా అన్నీ దొరుకుతాయి కాబట్టి మన నేలలోనూ ఏడాదంతా అన్నీ పండుతాయన్న భ్రమ పట్నవాసులకు సులువుగా కలుగుతుంది. అక్కడ మంచు ఇచ్చే సెలవు లాంటిది ఇక్కడ రోహిణి కార్తె ఇస్తోంది. రోళ్లు పగిలే ఎండ అని పెద్దలు చెప్పింది ఊరికే కాదు. ఆ సెలవును ఒప్పుకోని తోట ఎక్కడో ఒకచోట అబద్ధమాడక తప్పదు.

ఇక అంకెల్లోకి వస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కలిపి తినమంటుంది. నలుగురున్న ఇంటికి వారానికి 11 కిలోలు దాటుతుంది. అందులో సగానికి కాస్త పైన, అంటే 6 కిలోలు తోట నుంచి వస్తాయనుకుందాం. 40 కుటుంబాలకు వారానికి 240 కిలోలు, ఏడాదికి పన్నెండున్నర టన్నులు. నీళ్లున్న రెండెకరాల్లో, ఏడాదికి రెండు మూడు పంటలు తీసేవాళ్లకు ఇది భయపెట్టే అంకె కాదు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కాగితం మీద లెక్క వేసుకుని ధైర్యపడతారు. కానీ పన్నెండున్నర టన్నులను 52తో సమంగా భాగించడం కాగితం మీదే కుదురుతుంది. నేల మీద జనవరిలో వారానికి 500 కిలోలు, మేలో 80 కిలోలు అన్నట్టుగా ఉంటుంది వ్యవహారం. ఈ ఎత్తుపల్లాలను చదును చేయడమే వాటా తోటలో అసలు పనితనం.

బెండను తీసుకుంటే ఈ పనితనం ఏమిటో తెలుస్తుంది. విత్తిన 45, 50 రోజులకు తొలి కోత వస్తుంది, ఆ తర్వాత రెండు నెలలకు అటూ ఇటూగా కాస్తుంది. ఇంటికి వారానికి అరకిలో చొప్పున 40 ఇళ్లకు కావలసింది 20 కిలోలే. ఎకరానికి 4 టన్నులు అనుకుంటే, గుంటకు, అంటే ఎకరంలో నలభయ్యో వంతుకు, 100 కిలోలు. ఎనిమిది వారాల అవసరమంతా 160 కిలోలు, అంటే రెండు గుంటలు కూడా పట్టదు. మార్కెట్‌కు పండించే రైతు అర ఎకరం ఒకేసారి విత్తుతాడు, లారీ నిండాలి కాబట్టి. వాటా తోటలో అదే అర ఎకరం విత్తితే రెండు నెలలు బెండకాయతో ఊపిరాడదు, తర్వాత రెండు నెలలు కంటికి కనిపించదు. రెండు గుంటలు విత్తి, ఐదారు వారాలు ఆగి మరో రెండు గుంటలు విత్తాలి. మొదటి దఫా ముదిరే వేళకు రెండోది నిండు కాపులో ఉంటుంది.

బెండతో ఇంకో పేచీ ఉంది. రోజు విడిచి రోజు కోయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే కాయ నారెక్కుతుంది, ముదిరిన కాయలు చెట్టు మీద ఉంటే కొత్త పూత తగ్గుతుంది. బుట్టలేమో వారానికి ఒక్కసారే వెళ్తాయి. శనివారం 40 బుట్టలూ ఒకేసారి పంపే తోటలో సోమ, బుధవారాల్లో కోసిన బెండకాయలు వాడిపోయి చేరతాయి. కుటుంబాలను మూడు జట్లు చేసి సోమ, బుధ, శుక్రవారాల్లో పంపితే కోత లయకూ బుట్ట లయకూ లంకె కుదురుతుంది. పైకి ఇది బండి ఖర్చు వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి దీన్ని నిర్ణయించాల్సింది బెండ చెట్టు. కోతకు వంగేది ఎక్కువగా ఆడకూలీలు, బెండ నూగుకు చేతులు దురదపెడతాయి, తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. కూరగాయల్లో కూలి ఖర్చు ఎక్కువగా కోతలోనే పోతుంది. ఆ కూలి వాటా ధరలో స్పష్టంగా కనిపించాలి. చాలా లెక్కల్లో అది కనిపించదు.

ఆకుకూరలు ఇంత పేచీ పెట్టవు. తోటకూర 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది. ప్రతి వారం ఒక చిన్న మడి చల్లుకుంటూ పోతే ఏడాదిలో చాలా వారాలు బుట్టలో ఆకు ఉంటుంది. మెంతి చల్లదనం కోరుతుంది, కొత్తిమీర ఎండకు సరిగ్గా మొలవదు, మొలిచినా త్వరగా పూతకు వస్తుంది. గోంగూర వేడికి బెదరదు. బచ్చలి ఒక్కసారి పాకిస్తే నెలల తరబడి ఆదుకుంటుంది.

చిక్కుడు కథ వేరు. పందిరికి పాకే నాటు చిక్కుడును జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా పూసేది పగటిపొద్దు తగ్గాకే. కార్తీకానికి పూత, సంక్రాంతికి నిండు కాపు. దఫాలుగా విత్తి దీని కాపును పొడిగిద్దామనుకుంటే కుదరదు, పొద్దును కొలిచి పూసే మొక్క అది. ప్రతి కూరగాయకూ ఇలా ఒక స్వభావం ఉంది. కొన్నిటి సమయం మనం మార్చగలం, కొన్నిటిది మార్చలేం. తోట పథకం రాసేవాళ్లు ముందు ఈ రెండు రాశులను వేరుచేసుకోవాలి. బెండ, తోటకూర, గోరుచిక్కుడు, ముల్లంగి విత్తే తేదీకి కట్టుబడతాయి. చిక్కుడు, కంద, కాలీఫ్లవర్ మాత్రం కాలానికే కట్టుబడతాయి.

టమాటా దగ్గర ఆగి మాట్లాడాలి, వాటాదారుడికీ రైతుకూ మధ్య మాట తేడా ఎక్కువగా వచ్చేది దీని దగ్గరే కాబట్టి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే టమాటాలో పుప్పొడి సత్తువ తగ్గుతుంది, పూత రాలిపోతుంది. చెట్టు పచ్చగా ఉంటుంది, కాయ ఉండదు. హైదరాబాదు చుట్టూ మార్చి నెలాఖరు నుంచి వాతావరణం అలాగే ఉంటుంది. కాబట్టి ఏప్రిల్ నెలాఖరు నుంచి మృగశిర దాటి కొత్త నారు కాపుకొచ్చేదాకా ఇక్కడి నేలలో టమాటా ఉండకపోవడమే సహజం. ఆ రోజుల్లో నగరానికి వచ్చే సరుకులో చాలాభాగం మదనపల్లె, కోలారు వైపు నుంచి వస్తుంది. ఆ ప్రాంతాలు సముద్రమట్టానికి సుమారు 700 నుంచి 800 మీటర్ల ఎత్తున ఉంటాయి, రాత్రులు కాస్త చల్లగా ఉంటాయి, అందుకే అక్కడ వేసవి పంట నిలుస్తుంది. అక్కడ వానలో తెగులో వస్తే రెండు తెలుగు రాష్ట్రాల వంటిళ్లూ అల్లాడతాయి.

2023 జులైలో అదే జరిగింది. చాలా నగరాల్లో కిలో టమాటా 150 నుంచి 200 రూపాయల దాకా పోయింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు రాయితీ మీద అమ్మించాల్సి వచ్చింది. సెప్టెంబరు వచ్చేసరికి రైతుకు కిలోకు పది రూపాయలు కూడా దక్కని స్థితి వచ్చింది. రెండు నెలల్లో ఒకే కాయకు ఇంత తేడా వచ్చింది. మండిన ధర కొనేవాళ్లను ఏడిపించింది, కుప్పకూలిన ధర పండించినవాళ్లను ఏడిపించింది. 1999లో మొదలైన రైతుబజార్లు దళారీని పక్కకు తప్పించాయి, దాని మేలు చిన్నది కాదు. కానీ ఈ ఊగిసలాటను ఆపడం వాటి చేతిలో లేదు, ఎందుకంటే అక్కడ కూడా ఆ రోజు వచ్చిన సరుకును బట్టే ధర రాస్తారు. ఊగిసలాటను ఆపే శక్తి వాటా ఒప్పందానికి ఉంది. ఏడాదంతా బుట్ట ధర ముందే కుదిరి ఉంటే రైతు జనవరిలో నష్టపోడు, వాటాదారుడు జులైలో నష్టపోడు. అయితే జనవరిలో బజారు టమాటా కిలో 10 రూపాయలకు వచ్చే రోజున ఎక్కువ కడుతున్నామన్న బాధ వాటాదారుడికి కలుగుతుంది. ఆ బాధకు ఓర్చుకోగలగడమే ఈ పద్ధతిలో అతను కట్టే అసలు వంతు. డబ్బు ఆ తర్వాతి మాట.

మన నగరాల్లో ఇప్పుడు నడుస్తున్న చాలా బుట్టల్లో లోపం ఇక్కడే కనిపిస్తుంది. వారం వారం డబ్బు, ఎప్పుడైనా ఆపేసుకునే వీలు, కావలసిన కాయ ఎంచుకునే వీలు. ఇది కొనేవాళ్లకు హాయిగానే ఉంటుంది. కానీ ఆషాఢంలో బుట్ట తేలికైన వారం పదిమంది ఆపేస్తే, ఆ పదిమంది నమ్మకం మీద జూన్‌లో పోసిన నారుకు దిక్కెవరు? ముందే కట్టని వాటాకు వాటా అన్న పేరు సరిపోదు. పాలు వాడిక పోయించుకునే ఇళ్లకు ఈ సంగతి పూర్వం నుంచీ తెలుసు. గేదె ఒట్టిపోయే నెలల్లో పాలు తగ్గినా వాడిక మానేవాళ్లు కాదు, ఈనాక అదే ఇంటికి జున్నుపాలు వచ్చేవి. ఏడాది మొత్తం కట్టడం అందరివల్లా కాకపోవచ్చు. వానకాలం, యాసంగి, ఎండాకాలం అని మూడు కిస్తులు పెట్టి, ఏ కాలం కిస్తు ఆ కాలం విత్తనానికి ముందే తీసుకోవడం మధ్యతరగతి ఇళ్లకు మోయగలిగిన పద్ధతి. ఎండాకాలం కిస్తు తక్కువగా ఉండాలి, కానీ సున్నా కాకూడదు. ఆ నెలల్లోనే నారుమడికి ఎరువు, డ్రిప్ పైపుల మరమ్మతు, కూలీలకు పని అన్నీ ఉంటాయి.

ఖాళీ వారాలను నింపడానికి మూడు దారులున్నాయి. వాటిలో ఒకటి మోసం. బయట మార్కెట్లో కొని బుట్టలో పెట్టడం. ఒకసారి చేసినవాళ్లు మరోసారి చేస్తారు, చివరికి ఏది తోటదో ఏది లారీదో తోటవాళ్లకే గుర్తుండదు. పక్క ఊరి రైతు దగ్గర తెచ్చి, ఇది ఫలానా చోటిది అని చీటీ రాసి పెట్టడం వేరు, అందులో తప్పు లేదు.

రెండో దారి నేల మీద శ్రమ. షేడ్ నెట్ కింద కొత్తిమీర, పాలకూర కొంత నిలుస్తాయి. ఎండుగడ్డి ఆచ్ఛాదన తేమను పట్టి ఉంచుతుంది, నీళ్లు చాలని చోట షేడ్ నెట్ కంటే ముందు ఖర్చుపెట్టాల్సింది దీని మీదే. దొండ తీగ ముక్కలు నాటి పందిరికి ఎక్కిస్తే కొన్నేళ్లు కాస్తుంది, ఎండలో కాస్త తగ్గినా మానదు. గోరుచిక్కుడు, పప్పు దోస, గోంగూర వేడికి తట్టుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులు వానలకు ముందే పొడి నేలలో రకరకాల విత్తనాలకు మట్టి, బూడిద, ఆవు పేడ, మూత్రంతో చేసే ఘనజీవామృతం పట్టించి చల్లుతున్నారు. నవధాన్యాల సాగు అని పిలుస్తున్న ఈ పద్ధతిలో ఎండాకాలంలో నేల ఖాళీగా ఎండకుండా ఉంటుంది, తొలి జల్లులకే పచ్చదనం లేస్తుంది. వాటా తోట ఒక అరెకరంలో దీన్ని చేసుకుంటే జూన్ బుట్టకు ఆకుకూర ముందే అందుతుంది, మిగిలిన రొట్ట నేలకు పోతుంది.

మూడో దారి వంటింట్లో ఉంది. పెద్దగా ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. తెలుగు వంటిల్లు వేసవి కొరతను ఎప్పటినుంచో ఎరుగును, దానికి సరంజామా అంతా సిద్ధం చేసుకుంది కూడా. తియ్యగుమ్మడి తొడిమతో కోసి గాలి తగిలేచోట పెడితే రెండు మూడు నెలలు ఉంటుంది. బూడిద గుమ్మడి అంతకన్నా ఎక్కువే నిలుస్తుంది, దాని ఒంటిమీది బూడిదే దానికి రక్ష. తొలకరికి ముందు పెట్టిన కంద సంక్రాంతి దాటాక తవ్వితే వేసవి దాకా పులుసుకు పనికొస్తుంది. చింతకాయ తొక్కు, ఎండబెట్టిన గోంగూర ఉండనే ఉన్నాయి. వీటన్నిటికన్నా తోట పథకానికి దగ్గరగా వచ్చేది వరుగు. చిక్కుడు వరుగు, వంకాయ వరుగు, గోరుచిక్కుడు వరుగు, టమాటా వరుగు. పంట విరగకాసే చివరి వారాలూ ఎండ ముదిరే తొలి వారాలూ ఫిబ్రవరి, మార్చిల్లో ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇంటికి రెండు కిలోల టమాటా ఎక్కువైన వారాల్లోనే మేడ మీద బట్ట పరచి ఎండబెట్టడానికి తగిన ఎండ ఉంటుంది. టమాటాలో 94 శాతం దాకా నీరే కాబట్టి పది కిలోలు ఎండితే కిలో కూడా మిగలదు. రవాణా ఖర్చు లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు.

కాబట్టి మార్చిలో మిగిలిన 100, 150 కిలోలను కారుచౌకగా తోసేయకుండా తోటలోనే వరుగు పెట్టి మే బుట్టలో పంపితే అది బజారులో కొని నింపినట్టు కాదు. తోట పండించినదే, రెండు నెలలు ఆలస్యంగా వస్తుందంతే. ఈ పనికి కావలసిన మనుషులూ తోటలో ఉన్నారు, మార్చిలో కోత తగ్గుతూ వచ్చి కూలి దొరకని ఆడవాళ్లకు ఆ రోజుల్లో ఇదే పని అవుతుంది. అమెరికా వాటా తోటల్లో శీతాకాలానికి క్యారెట్, బంగాళదుంప, క్యాబేజీని నేలమాళిగల్లో దాచి విడిగా శీతాకాలపు వాటా అమ్మేవాళ్లున్నారు. మనకు నేలమాళిగ బదులు ఎండే నిల్వగది.

ఆకు, కాయ వాడకుండా ఒకటి రెండు రోజులు ఆపడానికి మాత్రం ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ఇటుక, ఇసుక గది అక్కరకొస్తుంది. రెండు వరుసల ఇటుక గోడల మధ్య ఇసుక పోసి తడుపుతుంటే లోపల చల్లబడుతుంది, కరెంటు అవసరం లేదు. పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. వానకాలపు తేమలో అంతగా కాదు, అప్పుడు దాని అవసరమూ అంతగా ఉండదు.

మడి మార్పిడి గురించి కూడా ఒక మాట. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం, ఒకే మడిలో వరుసగా వేస్తే ఎండు తెగులు, వేరుబుడిపె నులిపురుగులు తిష్టవేస్తాయి. నులిపురుగు బెండనూ వదలదు. రెండెకరాల్లో తిప్పడానికి చోటు తక్కువ. ఎండాకాలంలో ఖాళీ అయ్యే సగం మళ్లే ఆ చోటు. అక్కడ జనుమో బొబ్బరో చల్లి పూతకు ముందు కలియదున్నడానికి, బంతి వేయడానికి ఏడాదిలో మరో అదను దొరకదు. మే నెలలో బుట్ట తేలికగా ఉండటం వల్లే డిసెంబరు బుట్ట బరువుగా ఉంటుందని వాటాదారులకు చూపించడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ లేదు. ఒక ఆదివారం వాళ్లను తోటకు పిలిచి ఎండిన మళ్ల మధ్య నడిపించాలి. డిసెంబరు పచ్చదనం చూపించడానికి పిలిచే తోటలే ఎక్కువ. పిలవాల్సిన నెల మే.

ఈ లెక్కన జూన్ రెండో వారపు బుట్టలో రెండు కిలోల గుమ్మడి ముక్క, కిలో కంద, అరకిలో దొండకాయ, రెండు కట్టల బచ్చలి, గుప్పెడు మునగాకు, ఒక పొట్లం చిక్కుడు వరుగు, యాసంగిలో ఆరబెట్టిన కిలో ఉల్లి ఉంటాయి. టమాటా ఉండదు. పులుపుకు చింతచిగురు ఉంటుంది. బుట్ట అడుగున చీటీలో మృగశిర జల్లులకు చల్లిన తోటకూర జులై మొదటి వారంలో వస్తుందని, బెండ ఆ నెలాఖరుకని, టమాటా నారు ఇప్పుడే పోశామని, తొలి కాయ సెప్టెంబరు తర్వాతేనని రాసి ఉంటుంది.